ఆ ఖాళీలో ఎవరు కూర్చోవాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మాయి ఏడో తరగతి. క్లాసులో కొత్తగా చేరిన సవర గిరిజన అమ్మాయిని "కొండది" అంటున్నారట. మధ్యాహ్న భోజనం దగ్గర ఆమెకు రెండు పక్కలా కంచం పట్టేంత చోటు వదిలి కూర్చుంటున్నారట. "నువ్వేం అనలేదుగా, నీకెందుకు?" అన్నాను. అప్పట్నుంచి మా పాప సరిగ్గా తినడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ "నీకెందుకు" వెనక్కి తీసుకోండి. ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడే "తొందరపడి అన్నాను, ఏం చూశావో చెప్పు" అని అడిగి, కాసేపు మీరు నోరు విప్పకండి. అందరితోపాటు తనూ ఒకసారి నవ్వి ఉండొచ్చు. అది చెబితే తిట్టకండి.

మీ పాప వెళ్ళి ఎవరితోనూ పోట్లాడక్కర్లేదు. నలుగురిలో నిలదీస్తే వాళ్ళకు పంతం పెరుగుతుంది, మర్నాడు ఆ కోపం ఆ సవర పిల్ల మీదే తీరుతుంది. కంచం పట్టుకెళ్ళి ఆ ఖాళీలో కూర్చోమనండి. ఒక్కతే జంకితే ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకోవాలి, రెండు పక్కలా నిండుతుంది. "పాపం, బాధగా ఉందా?" అని అడగొద్దు, జాలి కూడా ఆమెను వేరుచేసేదే. లెక్కల హోంవర్కు గురించో, పప్పులో ఉప్పు గురించో మాట్లాడితే చాలు. రెండ్రోజులు కూర్చుని మూడోరోజు మానేస్తే మాత్రం అసలు కూర్చోకపోవడం కన్నా చెడ్డ.

మీ ఊళ్ళోనే బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చుకున్నారు. మీ పాపను కూడా నాలుగు సవర మాటలు నేర్పమని ఆ అమ్మాయినే అడగమనండి.

ఎగతాళి చెవిన పడితే, "దానికో పేరుంది, పేరు పెట్టి పిలు" అని మామూలు గొంతుతో ఒక్క మాట. వెంటనే "రా, నీళ్ళు తాగొద్దాం" అని ఆ పిల్లను అక్కణ్ణుంచి తీసుకెళ్ళాలి. ఎగతాళి చేసే పిల్లలా మీరు నటించి, ఇంట్లో రెండుమూడుసార్లు ఆ మాట అనిపించండి.

"అందరూ ఏడిపిస్తున్నారు" అంటే టీచరు క్లాసు మొత్తానికీ ఓ మందలింపు వేసి ఊరుకుంటారు. తేదీ, చోటు, అన్నవాళ్ళు, విన్నవాళ్ళు, అన్న మాట అన్నట్టే, ఆ రోజే ఇంట్లో కాగితం మీద రాయించండి. స్కూలు నోటుబుక్కులో వద్దు, అది చేతులు మారుతుంది. ఫోన్లో వీడియో అసలే వద్దు, ఆ పిల్ల అవమానం వాట్సాప్‌లో ఊరంతా తిరుగుతుంది.

ఆ కాగితంతో స్కూలుకు పరిగెత్తకండి. ముందు ఆ అమ్మాయి తల్లిదండ్రులను కలవండి, వాళ్ళు సరేనంటే కలిసే వెళ్ళండి. వాళ్ళు భయపడితే పేర్లెత్తకుండా "భోజనానికి హాజరు పట్టీ వరసలో కూర్చోబెట్టండి" అని మాత్రం అడగండి. ఎవరినీ వేలెత్తి చూపకుండానే ఖాళీలు పోతాయి.

టీచరు పట్టించుకోకపోతే హెడ్మాస్టరు, ఆపైన స్కూలు యాజమాన్య కమిటీ. ప్రభుత్వ బడుల్లో ఆ కమిటీలో కనీసం 75 శాతం తల్లిదండ్రులే ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. అదే చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అర్జీ ఒడియాలో రాయించి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. ఎగతాళిలో టీచరుకే పాలుంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, రాత్రీ పగలూ పలుకుతుంది.

ఒకరిద్దరు స్నేహితులు కొన్నాళ్ళు మాట్లాడటం మానేయొచ్చని పాపకు ముందే చెప్పి ఉంచండి. ఆ రోజుల్లో స్కూలు నుంచి రాగానే మార్కులు అడగకండి. ఇవాళ భోజనంలో ఎవరి పక్కన కూర్చుందో అడగండి.