తమ్ముడికి చెప్పాలా, వద్దా?

ప్రశ్న: మా బాబుకి తలసీమియా, అంటే రక్తం సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు. మావారు, నేను ఇద్దరం క్యారియర్లమని (జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉన్నవాళ్లమని) వాడు పుట్టాకే తెలిసింది. ఇప్పుడు నాకు మళ్లీ 9వ వారం. కడుపులో బిడ్డకి టెస్ట్ చేయిద్దామంటే ప్రార్థన గుంపులో ఒకావిడ "అంత అవిశ్వాసమా" అంది. ఇంకో టెన్షన్, తమ్ముడికి సంబంధాలు చూస్తున్నారు, వాడికేమీ చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. ఏం చేయను?

జవాబు: ముందు తమ్ముడి సంగతి, ఎందుకంటే అందులో నాకు అనుమానం లేదు. చెప్పండి. మీకు ఇది అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉంటుంది కాబట్టి తమ్ముడికీ వచ్చే అవకాశం సగానికి సగం. క్యారియర్ అయినంత మాత్రాన జబ్బేమీ కాదు, చేసుకునే అమ్మాయి కూడా క్యారియర్ అయితేనే ఆలోచించాలి, అదీ రక్తపరీక్షతో తేలిపోతుంది. జెనెటిక్ కౌన్సెలర్ (ఇలాంటి వంశపారంపర్య జబ్బుల గురించి వివరించి చెప్పేవాళ్లు) మీ అనుమతి లేకుండా అతనికి ఫోన్ చేయరు. మహా అయితే ఇంట్లోవాళ్లకి చూపించమని ఒక ఉత్తరం రాసి మీ చేతికిస్తారు, అది మీ హ్యాండ్‌బ్యాగులోనే ఉండిపోతే తమ్ముడికి తెలిసే దారి లేదు. ఒట్టు మాటంటారా, బైబిల్లో యెఫ్తా కూడా తొందరపడి మొక్కుకున్న మొక్కుబడి తీర్చాడు, కూతుర్ని పోగొట్టుకున్నాడు. అమ్మతో మాత్రం ముందే చెప్పండి, చాటుగా వద్దు. ఆవిడ భయం సంబంధం గురించే కాకపోవచ్చు, "మా వైపు నుంచే వచ్చిందా" అన్న నలుగుడు కూడా అయ్యుండొచ్చు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి పాపం ఎవరిదని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు కన్నవాళ్లదీ కాదని యేసు అన్న మాట (యోహాను 9) ఆవిడకి చదివి వినిపించండి.

ఇక టెస్ట్. తెలుసుకోవడం అవిశ్వాసం కాదు. ఈ విషయంలో చాలా గట్టిగా ఉండే వాటికన్ కూడా 1987లో బిడ్డ మేలు కోసమైతే సరేనంది, జబ్బుంటే తీయించేద్దామని ముందే అనుకుని చేయించడాన్నే తప్పుపట్టింది. ప్రొటెస్టెంట్లలో తలో మాట. ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మాయ నుంచి ముక్క తీసే పరీక్ష మామూలుగా 11వ వారం నుంచి చేస్తారు, గర్భస్రావం ముప్పు కొద్దిగా ఉంటుంది. కాబట్టి ఈ రెండు వారాల్లో మీరిద్దరూ కూర్చుని, రిపోర్టు చెడ్డగా వస్తే ఏం చేస్తామో మాట్లాడుకోండి. ఏదొచ్చినా బిడ్డని కంటామనుకుంటే ఆ ముప్పు ఎందుకని కూడా అడుక్కోవాలి, పుట్టగానే రక్తపరీక్ష చేయించుకోవచ్చు. నా మనసు అటే, మీ బాబు అదే జబ్బుతో పక్క గదిలో ఆడుకుంటున్నాడు కదా. కానీ రాత్రుళ్లు వాడి పక్కన కూర్చున్నది మీరు, నేను కాదు. కౌన్సెలర్ ఇది చేయండని చెప్పరు, మీ విశ్వాసం ఏమిటో మొదటి పది నిమిషాల్లోనే వాళ్లకి చెప్పేయండి.

ఆ ప్రార్థన గుంపు ఆవిణ్ణి, బాబుకి రక్తం ఎక్కించే రోజు మీకు తోడు రమ్మనండి.