కోనసీమలో మందు మాన్పించే సెంటర్ ఏది మంచిది? ముందు ఆ కారు మాట మర్చిపోండి

ప్రశ్న అడిగినావిడ తమ్ముడికి ఇరవై ఏళ్ళట. బీటెక్ మధ్యలో ఆపేసి ఇంటికొచ్చాడు. రోజూ మందు, స్నేహితులు వస్తే గంజాయి. అమలాపురం, రాజమండ్రి చుట్టుపక్కల మంచి డీఅడిక్షన్ సెంటర్ చెప్పమన్నారు. వాళ్ళే కారులో ఇంటికొచ్చి తీసుకెళ్ళిపోతే మేలు, ఊళ్ళో ఎవరికీ తెలియకూడదు అని కూడా రాశారు.

అమ్మా, సెంటర్ల పేర్లు నేను చెప్పను. ఆ చివరి మాట చూశాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

మా అక్క వాళ్ళది ముమ్మిడివరం వైపు. మా బావగారికి పరువు ముందు, పిల్లాడు తర్వాత. మా మేనల్లుడు కూడా మీ తమ్ముడి వయసువాడే. పొద్దున్నే చెయ్యి వణికేదాకా వచ్చాక బావగారు ఎవరి ద్వారానో ఒక సెంటర్ వాళ్ళతో మాట్లాడి అడ్వాన్సు కట్టేశారు. నేను వద్దన్నాను. "నీకేం, నీ ఇంట్లో ఆడపిల్లలు" అన్నారు. దానికీ దీనికీ ఏంటి సంబంధమో నాకు ఇప్పటికీ తెలీదు.

అర్ధరాత్రి కారు వచ్చింది. నలుగురు దిగారు. వాడు వసారాలో మంచం మీద పడుకుని ఉన్నాడు. చేతులు వెనక్కి విరిచి లేపారు. లుంగీ మీద ఉన్నాడు, కనీసం ప్యాంటు వేసుకోనివ్వండని మా అక్క బతిమాలితే వినలేదు. వాడి కేకలకి దొంగలు పడ్డారనుకుని వీధి వీధంతా లైట్లు వేసుకుని బయటికొచ్చింది. ఊళ్ళో తెలియకూడదని చేసిన పని అది! తెల్లారేసరికి టీ కొట్టు దగ్గర అదే కథ.

రెండో రోజు సాయంత్రం నేను అంబాజీపేటలో కొబ్బరి లోడు దగ్గర ఉండగా అక్క ఫోన్ చేసి ఏడ్చింది. సెంటర్ వాళ్ళు "మీవాడికి ఫిట్స్ వచ్చాయి, వచ్చి తీసుకెళ్ళండి" అన్నారట. వెళ్ళి చూస్తే ఆ సెంటర్ తోటలో ఒక అద్దె ఇల్లు. బయట తాళం, లోపల చాపల మీద కుర్రాళ్ళు. డాక్టరు ఏడని అడిగితే "వారానికోసారి వస్తారండి" అన్నాడు అక్కడి మనిషి, అదేదో మామూలు విషయమైనట్టు.

కారులో వేసుకుని కాకినాడ పెద్దాసుపత్రికి బయల్దేరాం. ఎదుర్లంక బ్రిడ్జి దిగితే యానాం. అటు వెళ్ళినవాళ్ళకి తెలుసు, యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది కాబట్టి అక్కడ మందు చవక, షాపులకి కొదవ లేదు. నా ఒళ్ళో పడుకున్నవాడు వణుకుతూనే తల తిప్పి ఆ బోర్డుల వంక చూశాడు. ముందు సీట్లో బావగారు అద్దం ఎత్తేశారు.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఆఖరిసారి ఎప్పుడు తాగాడు?" చాలాకాలంగా రోజూ తాగేవాళ్ళకి ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చట. ఆ తర్వాత లేనివి కనిపించడం, మతి తప్పి మాట్లాడటం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం. అందుకే డాక్టర్లు మాత్రలు ఇచ్చి, డోసు తగ్గించుకుంటూ దింపుతారు. బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చాకే గ్లూకోజు ఎక్కించారు. "సెంటర్లో ఏం మందు వాడారు?" అని డాక్టరమ్మ అడిగితే బావగారు "నిమ్మకాయ నీళ్ళిచ్చారండి" అన్నారు. ఆవిడ ఏమీ అనకుండా కేసు షీటు రాసుకుంది.

వార్డులో తేరుకున్నాక సైకియాట్రీ డాక్టరు మమ్మల్నందరినీ బయటికి పంపి వాడితో ఒంటరిగా మాట్లాడారు. అప్పుడు బయటపడింది అసలు విషయం, ఐపీఎల్ బెట్టింగు అప్పు. ఫోన్ మోగితే భయం, భయానికి మందు. ఇంట్లో ఇంతమందిమి ఉండి ఎవరమూ వాణ్ణి అడగని ప్రశ్న అది. మన జిల్లాల్లో బెట్టింగుల గురించి నన్ను కదపకండి, రాత్రంతా రాస్తాను. సంక్రాంతికి కోడిపందాల బరి పక్కనే గుండాట జూదం, దాని పక్కనే మందు, మధ్యలో నిక్కర్లు వేసుకున్న పిల్లలు. పెద్దలంతా అక్కడే కుర్చీలేసుకుని కూర్చుని, ఏడాది తిరిగాక "కుర్రాళ్ళు చెడిపోతున్నారండీ" అంటారు. రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివాడికి మందు అమ్మకూడదని రూలు. 2024 అక్టోబరులో క్వార్టరు 99 రూపాయలకే అమ్మడం మొదలుపెట్టారు. బెల్టు షాపువాడు ఎవరి ఆధార్ కార్డు చూస్తాడు చెప్పండి?

మరో రకం మహానుభావులు కూడా మీ ఇంటికొస్తారు. పెళ్ళి చేసేయండి, వాడే దారికొస్తాడు అంటారు. వాళ్ళ పిల్లనిస్తారేమో అడగండి, టీ కూడా తాగకుండా లేచిపోతారు. తెలియకుండా కూరలో కలిపితే మాన్పిస్తాం అనే పొడులైతే అసలు ముట్టుకోవద్దు. వాటిలో ఏముందో ఎవరికి తెలుసు? డైసల్ఫిరామ్ అని డాక్టర్లు రాసే మాత్ర ఒకటుంది. అది వేసుకుని తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. అందుకే తాగే మనిషికి చెప్పకుండా ఇవ్వకూడదు. మా అక్కకి దాన్ని సాంబారులో వేయమని సలహా ఇచ్చిన పుణ్యాత్ముడు ఒకాయన ఉన్నాడు, చదువుకున్నవాడే.

మీ తమ్ముడి గంజాయి విషయంలో భయం పోలీసులేగా? మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. వాడకం కేసులో గానీ, కొద్ది మోతాదు కేసులో గానీ ఉన్నవాడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోటో మాన్పించుకునే వైద్యం చేయించుకుంటే కోర్టు విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. గంజాయి మానేటప్పుడు మొదటి వారం రెండు వారాలు చిరాకు, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం ఉంటాయి. దానికంటూ ప్రత్యేకమైన మాత్ర లేదు, కౌన్సెలింగే. ఆ రోజుల్లో వాడు కంచం విసిరేసినా మీరు ఎదురు అరవకండి.

మా వాడు ఇప్పుడు పూర్తిగా బాగుపడ్డాడని డప్పు కొట్టను. మధ్యలో ఒకసారి తాగాడు, కానీ తనే డాక్టరుకి చెప్పాడు. ఓపీకి వెళ్ళాల్సిన మొదటి రోజు బస్టాండు దగ్గర వాడన్న మాట చెప్తాను. "మామయ్యా, యానాం మీంచి వద్దు. ముక్తేశ్వరం వెళ్ళి గోదావరి దాటించే పంటు ఎక్కుదాం, కోటిపల్లి నుంచి ద్రాక్షారామం మీదుగా వెళ్దాం." చుట్టుదారే, గోదావరి పోటు మీద ఉంటే పంటు కోసం పడిగాపులే. అయినా అలాగే వెళ్ళాం. నలుగురు మనుషులు, కారు, తాళం కలిసి చేయలేని పని అది. వాడి దారి వాడే ఎంచుకున్నాడు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. 14446కి ఫోన్ చేయండి, మత్తు మానాలనుకునేవాళ్ళకీ ఇంట్లోవాళ్ళకీ కేంద్ర ప్రభుత్వం పెట్టిన టోల్‌ఫ్రీ నంబరు. మనసు బాగోకపోతే 14416, టెలీ మానస్, రాత్రి పగలు తెలుగులోనే మాట్లాడతారు. 1972 అనే నంబరు గంజాయి అమ్మేవాళ్ళ మీద ఫిర్యాదుకి, వైద్యానికి కాదు, కంగారులో దానికి చేయకండి. రోజూ తాగుతున్నాడంటున్నారు కాబట్టి ఉన్నపళంగా మాన్పించకండి, ముందు పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీలో చూపించండి. పొద్దున్నే వెళ్ళండి, లైను ఉంటుంది. తర్వాత సెంటర్లో చేర్చాలని డాక్టరే అంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, మీరు వెళ్ళి చూడొచ్చా, వాడు ఇంటికి ఫోన్ చేసుకోవచ్చా, డాక్టరు ఎప్పుడెప్పుడు ఉంటాడు అని అడిగి కట్టండి డబ్బులు. వాడు రానంటే మీరొక్కరే వెళ్ళి మాట్లాడండి, ఇంట్లోవాళ్ళు వచ్చినా చెప్తారు. మీ నాన్నగారు అప్పటికే ఏ సెంటర్‌కో అడ్వాన్సు కట్టేసి ఉంటే అది పోయిందనుకోండి. మా బావగారిది కూడా వెనక్కి రాలేదు.