కెమెరా కొనబోయే మా అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు పంపిన చీటీ చూశాను. విశాఖ షోరూమ్ ధర ఒక పక్క, కలకత్తాలో కెమెరాలమ్మే మెట్రో గలీ నుంచి ఎవరో చెప్పిన ధర ఇంకో పక్క రాసి, తేడా కింద రెండు గీతలు కొట్టావు. అంత తేడా కనిపిస్తే మనసు లాగుతుంది, నిన్ను తప్పుపట్టను. అలాంటి గ్రే మాల్, అంటే కంపెనీ సొంత పంపిణీదారు ద్వారా కాక వేరే దారిలో వచ్చిన సరుకు, అసలు ముట్టుకోవద్దని కూడా అనను. ఈ పర్లాకిమిడిలో, అటు బరంపురంలో, రాయగడలో పెళ్ళిళ్ళు తీసేవాళ్ళ సంచుల్లో సగం అదే మాల్. కానీ నువ్వు గుణుపురంలో కూర్చుని కొంటున్నావు. ఆ సంగతి ఆ ధరలో లేదు.

గ్రే మాల్ అని అందరూ ఒకే మాట అంటారు గానీ అందులో రకాలున్నాయి. ఒక వ్యాపారి సింగపూర్ నుంచో దుబాయ్ నుంచో సుంకం కట్టి తెప్పించి, బిల్లిచ్చి అమ్ముతాడు. కంపెనీ వాళ్ళ ఇండియా శాఖకు మాత్రం దానితో సంబంధం ఉండదు. ఇది కొంత మర్యాదైన రకం. ఇంకొకటి ఎవరి సూట్‌కేసులోనో సుంకం లేకుండా దిగినది. దానికి బిల్లుండదు, అడిగితే తెల్లకాగితం మీద రాసిస్తారు. మూడోది మరీ చెడ్డది. ఎవరో వాడి తిరిగిచ్చిన పీసుకు తుడిచి కొత్త డబ్బా వేస్తారు. దుకాణంవాడు మూడింటికీ 'ఇంపోర్టెడ్ పీస్ మేడమ్' అనే చెబుతాడు. నీకు చెప్పిన ధర ఏ రకానిదో తేలకుండా అది చవకో కాదో చెప్పలేం.

తేడా ఎక్కడ నుంచి వస్తుందో కూడా చూడు. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ మొదట 28 శాతం ఉండేది, 2019 జనవరి 1 నుంచి 18 శాతం చేశారు. బిల్లు లేకుండా ఇస్తానన్నవాడు ముందుగా ఆ 18 శాతాన్నే నీకు తగ్గించి చూపిస్తున్నాడు. మిగిలినది కంపెనీ వారంటీ ఖర్చు, ఇక్కడి పంపిణీదారు లాభం. అంటే ఆ డబ్బు మిగలడానికి నువ్వు వదులుకునేవి బిల్లు, వారంటీ. బిల్లు లేకపోతే దొంగతనం జరిగినప్పుడు పోలీసు స్టేషన్‌లో వస్తువు నీదని చూపించడానికే తిప్పలు. ఇన్సూరెన్స్ అడగలేవు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలన్నా చేతిలో కాగితం కావాలి.

వారంటీ సంగతి మనకు ఇంకా గట్టిగా తగులుతుంది. సర్వీసు సెంటరంటే మనకు విశాఖ, లేదంటే భువనేశ్వర్. గుణుపురం నుంచి ఏ ఊరికైనా ఒక రోజు పని పోతుంది, తిరిగి తెచ్చుకోవడానికి ఇంకో రోజు. అంత దూరం వెళ్ళాక కౌంటర్‌లో సీరియల్ నంబరు కొట్టి 'ఇది మా ఇండియా పీసు కాదు' అంటే ఏం చేస్తావు? కొన్ని కంపెనీలు డబ్బు తీసుకుని బాగుచేస్తాయి, కొన్ని చోట్ల తిప్పి పంపేస్తారు. అందుకే కొనకముందే ఆ కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి అడుగు. బయటి దేశం పీసుకు డబ్బు కడితే చేస్తారా, విడిభాగాలు ఇస్తారా అని. ఒక్క ఫోన్‌తో తేలిపోయే సంగతి, అయినా ఎవరూ చేయరు.

'షాపు వారంటీ ఇస్తాం' అంటారు. ఆ దుకాణం ఉన్నంత కాలమే ఆ వారంటీ. బరంపురంలో మనకు తెలిసిన ఒక కుర్రాడు అలాంటి కార్డు నమ్మాడు. ఏడాది తిరగకముందే కెమెరా షట్టర్ పోయింది, దుకాణం చూస్తే అక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. 'ఇంటర్నేషనల్ వారంటీ' అన్న మాట వింటే మరీ జాగ్రత్త. ఏ దేశాల్లో చెల్లుతుందో, బాడీకా (లెన్స్ కాక మిగతా కెమెరాకా) లెన్స్‌కా, ఎన్ని నెలలో కార్డు మీదే అచ్చై ఉంటుంది. చదవకుండా జేబులో పెట్టుకోకు.

ఇక పీసును గుర్తుపట్టడం. కేనన్ వాళ్ళు ఒకే కెమెరాను ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో అమ్ముతారు. మన దగ్గర 1500డీ అనేది యూరప్‌లో 2000డీ, అమెరికాలో రెబెల్ టీ7, జపాన్‌లో కిస్ ఎక్స్90. మన 200డీ మార్క్ 2 అమెరికాలో రెబెల్ ఎస్ఎల్3, జపాన్‌లో కిస్ ఎక్స్10. బాడీ మీద రెబెల్ అనో కిస్ అనో ఉంటే అది ఇండియాకని చేసినది కాదు, వాదన అక్కర్లేదు. కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) ఆర్10, ఆర్50 లాంటి వాటికి అన్ని చోట్లా ఒకటే పేరు, కాబట్టి ఈ కిటుకు అక్కడ పనిచేయదు. వాటికి డబ్బా చూడాలి. చట్టప్రకారం దిగుమతి చేసిన ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, నెల, సంవత్సరం, ఫిర్యాదు చేయాల్సిన నంబరు ఉన్న స్టిక్కరు ఉండాలి. అది లేకపోయినా, చింపి అతికించినట్టున్నా అక్కడే ఆగు.

సోనీ తీసుకోవాలని కూడా రాశావు. జపాన్ దేశంలో అమ్మడానికి చేసిన సోనీ కెమెరాల్లో చాలావాటికి మెనూ జపనీస్ ఒక్కటే. దుకాణంలో అప్పటికే ఆటో మోడ్‌లో పెట్టి చేతికిస్తే నీకు తెలియదు, ఇంటికొచ్చాక తెలుస్తుంది. 'సాఫ్ట్‌వేర్ వేసి ఇంగ్లీషు చేసిస్తాం' అంటే ఒప్పుకోకు. అనధికారంగా లోపల కెలికిన కెమెరాను ఏ కంపెనీ ఒప్పుకోదు. మెనూ నువ్వే తెరిచి భాషల జాబితా చూడు. అక్కడే ఎన్‌టీఎస్‌సీ, పాల్ అన్న రెండు వీడియో పద్ధతుల ఎంపిక ఉందో లేదో చూడు. అమెరికా, జపాన్ కోసం చేసిన కొన్ని పాత సోనీలలో పాల్ ఉండేది కాదు. ఈ పాల్ గొడవ ఎందుకో కిందకు చెబుతాను. ప్లగ్గు రెండు చప్పిడి పుల్లలతో ఉంటే కంగారు పడకు. ఛార్జర్ల మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే చిన్న అడాప్టరు చాలు. అసలు ఛార్జరు, అసలు బ్యాటరీ తీసేసి డూప్లికేట్లు పెడతారు, అది చూసుకో. 1500డీకి ఎల్‌పీ-ఈ10, ఆర్50కి ఎల్‌పీ-ఈ17, సోనీ 6400కి ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50.

బిల్లులో జీఎస్టీ నంబరు పదిహేను అక్షరాలు ఉంటుంది, మొదటి రెండంకెలు రాష్ట్రానివి. ఒడిశాకు 21, బెంగాల్‌కు 19, ఆంధ్రకు 37. కలకత్తా దుకాణం బిల్లు మీద 19 కాక వేరేది కనిపిస్తే ఎందుకో అడుగు. ఆ నంబరును జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొడితే వ్యాపారి పేరు వస్తుంది. బిల్లు మీద బాడీ సీరియల్ నంబరు రాయించుకో. డబ్బా, బాడీ అడుగు, వారంటీ కార్డు మూడింటి మీదా అదే నంబరు ఉండాలి. డబ్బు దుకాణం ఖాతాలో వెయ్యి, ఎవరో తమ్ముడి ఫోన్ నంబరుకు కాదు.

నా సలహా అడిగావు కాబట్టి సూటిగా చెబుతాను. నువ్వు దీనితో సంపాదించబోతున్నావు, వచ్చే లగ్నాలకు అడ్వాన్సులు కూడా పట్టేశావు. బాడీ మాత్రం ఇండియా బిల్లుతో, కంపెనీ వారంటీతో తీసుకో. డబ్బు చాలకపోతే ఒక మెట్టు కింది మోడల్ తీసుకో. మిగుల్చుకోవాలంటే లెన్స్ దగ్గర మిగుల్చుకో. లెన్స్ చెడిపోవడం తక్కువ, పైగా దుకాణంలో అరగంట కూర్చుంటే దాని గుణం దాదాపు తెలుస్తుంది. బాడీ, లెన్స్ కలిపి వచ్చే కిట్లు విడగొట్టి తెల్ల డబ్బాలో అమ్మే 18-55 లెన్స్‌లు చాలావరకు అసలువే, వాటికి భయపడక్కర్లేదు. తక్కువ వెలుగులో పనికొచ్చే 50 ఎంఎం 1.8 లెన్స్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కళ్ళకద్దుకుని తీసుకో, రాత్రి పెళ్ళిళ్ళకు అదే దిక్కు. లెన్స్‌లో ఒక వైపు నుంచి ఫోన్ టార్చి వేసి రెండో వైపు నుంచి చూడు. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్, ఎంత తక్కువకిచ్చినా వద్దు.

దుబాయ్‌లో ఉన్న మీ చిన్నాన్న చేత తెప్పించుకోవడం ఇంకో దారి. అక్కడి పెద్ద షాపులో బిల్లుతో కొని, మనిషి చేతిలో వస్తే పీసు కొత్తదన్న నమ్మకమైనా ఉంటుంది. సుంకం లేకుండా ఎంత విలువ వరకు తేవచ్చో పరిమితి ఉంటుంది, అది మారుతుంటుంది. బయలుదేరే ముందు కస్టమ్స్ సైట్‌లో చూసుకోమను. దాటితే విమానాశ్రయంలో రెడ్ ఛానెల్ (సుంకం కట్టాల్సినవాళ్ళ దారి) లో చెప్పి కట్టేయడమే. 'డబ్బా పారేసి మెడలో వేసుకుని వచ్చెయ్' అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. పట్టుబడిన రోజు వాళ్ళెవరూ అతని పక్కన నిలబడరు.

సెకండ్ హ్యాండ్ బాడీ అయితే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడుగు. నికాన్‌లో ఆ లెక్క ఫొటో ఫైలులోనే ఉంటుంది, ఉచిత సైట్లు చూపిస్తాయి. కేనన్‌లో అంత తేలిక కాదు. చిన్న బాడీల షట్టర్ లక్ష వరకు ఆగుతుందని ఒక అంచనా, సోనీ ఏ7 మార్క్ 3కి రెండు లక్షలు. పెళ్ళిళ్ళ వాళ్ళ కెమెరా ఆ అంకె దగ్గరకు త్వరగానే చేరుతుంది.

కార్డులు మాత్రం ఎక్కడ పడితే అక్కడ కొనకు. కెమెరా గ్రే అయినా అసలుదే, కార్డు అలా కాదు, నకిలీలు లెక్కలేనన్ని. 64 జీబీ అని ఉంటుంది, లోపల ఎనిమిదే ఉంటుంది, నిండాక పాతవాటి మీదే రాసేస్తుంది. కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి పరీక్షించు. వీడియోకు వీ30 అని ఉన్నది తీసుకో, అంటే సెకనుకు 30 ఎంబీ తగ్గకుండా రాస్తుందని.

ఇప్పుడు పాల్ సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు వంద సార్లు వెలిగి తగ్గుతుంది. మండపంలో ఎల్‌ఈడీ పట్టీలు, ట్యూబులు ఉన్నప్పుడు సెకనుకు 30 ఫ్రేములు, 1/60 సెకను షట్టర్ పెడితే వీడియోలో నల్ల చారలు పైకీ కిందకీ పాకుతాయి. పాల్‌లో 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెడితే అవి పోతాయి. పాల్ లేని బాడీలో కూడా షట్టర్ 1/50 గానీ 1/100 గానీ ఉంచితే చాలావరకు తగ్గుతాయి. ఫొటోలకూ ఇదే సూత్రం, రాత్రి 1/100 నాకు అలవాటు. చవక ఎల్‌ఈడీలు కొన్ని ఈ లెక్కకు లొంగవు. వాటి కింద ముందుగా నాలుగు తీసి చూసుకో.

పాత బాడీలు చాలావాటిలో 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ దానంతట అదే ఆగిపోతుంది. యూరప్‌లో అరగంట దాటి రికార్డు చేసేదాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు, అది తప్పించుకోవడానికి పెట్టిన గడువు. మన పంతులుగారికి ఆ సుంకం గొడవ తెలియదు కదా. జీలకర్ర బెల్లం ముహూర్తానికి పది నిమిషాల ముందు ఆపి మళ్ళీ మొదలుపెట్టు. మీ ఊళ్ళో ఒడియా పెళ్ళిళ్ళూ వస్తాయి. అక్కడ హాతగంఠి (వధూవరుల చేతులు కలిపి కట్టే) ఘట్టం నీ జీలకర్ర బెల్లంతో సమానం, ఆ ఫొటో లేకపోతే ఆల్బమ్ తిరిగొస్తుంది. ఎవరు ఎటు కూర్చుంటారో ముందుగా అడిగి తెలుసుకుని చోటు చూసుకో.

వర్షాలు మొదలయ్యాక కెమెరాను తోలు సంచిలో, బీరువాలో పెట్టకు. మన వంశధార పక్క తేమకు రెండు నెలల్లో లెన్స్‌లో ఫంగస్ వస్తుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి పెట్టు. వంద రూపాయల తేమ కొలిచే మీటరు అందులో ఉంచి, 40 నుంచి 50 మధ్య ఉండేలా చూడు. జెల్ రంగు మారితే ఎండబెట్టో, సన్నని సెగ మీద వేడిచేసో మళ్ళీ వాడుకోవచ్చు. కలరా ఉండలు మాత్రం వేయకు.

చేయి తిరగాలంటే పెళ్ళిళ్ళ కోసం ఆగకు. చలికాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్ళు, గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల నిండా ఉంటాయి. ఎగిరే పక్షిని పట్టడం వస్తే దండలు మార్చుకునే చేతులను పట్టడం కష్టం కాదు. రుషికుల్య ఒడ్డున తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజుల్లో వెళ్తే ఫ్లాష్ కట్టేసి ఉంచు, ఆ వెలుగుకు అవి దారి తప్పుతాయి, అటవీశాఖ వాళ్ళూ ఊరుకోరు.

డబ్బు వేసేముందు నాకు మూడు ఫొటోలు పంపు. డబ్బా స్టిక్కరు, బాడీ అడుగు, వాళ్ళిచ్చే బిల్లు నమూనా. బిల్లు నమూనా ఇవ్వనంటే ఆ కలకత్తావాడి సంగతి వదిలెయ్, విశాఖకు నేనూ వస్తాను. లగ్నాలున్న రోజుల్లో పగలు ఫోన్ తీయను, రాత్రి పది దాటాక చెయ్యి.

నీ మావయ్య,
పర్లాకిమిడి