బాలి బుద్ధుడి వీపున పగులు: నూనె రాయవచ్చా?

రాయకండి. ముందు ఆ సీసా పక్కన పెట్టండి, మిగతాది తర్వాత. బాలి నుంచి తెచ్చిన కొయ్య బుద్ధుడి వీపు రెండు నెలలకే పగిలిందనీ, పీఠం కింద పిండిలా ఏదో రాలుతోందనీ అడిగారు. అవి రెండూ వేర్వేరు జబ్బులు. రెండూ మా ఇంట్లో చూసినవే.

మా తాతగారు 1964లో రంగూన్ నుంచి ఓడలో విశాఖపట్నం చేరినప్పుడు వెంట తెచ్చుకున్న కొద్దిపాటి సామానులో ఒక టేకు బుద్ధుడు ఉన్నాడు. చెట్టు పాలతో వేసిన నల్లటి పూత, దాని మీద బంగారు రేకు. మా నాయనమ్మ శుక్రవారం ఇత్తడి విగ్రహాలతో పాటు ఆయన్నీ తడిగుడ్డతో తుడిచి, మెరవాలని చుక్క కొబ్బరినూనె రాసేది. ఇప్పుడు మోకాళ్ల మీద, ముక్కు కొసన బంగారం లేదు. జుట్టు ఉంగరాల మధ్య నూనె, దుమ్ము, అగరుబత్తి మసి కలిసి నల్లగా గట్టిపడ్డాయి. భక్తి చేసిన నష్టం కాబట్టి ఎవరినీ ఏమీ అనలేం.

సముద్రపు గాలికి అలవాటైన ఆ బొమ్మను నేను హైదరాబాదు తెచ్చి ఏసీ గదిలో పెట్టాను. తొలి వేసవిలోనే వీపున నిలువునా చీలింది. కర్ర పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపలి భాగం ఇంకా తేమతోనే ఉంటుంది. ఆ లాగుడుకే పగులు. మీ బొమ్మ బహుశా సువార్ కర్రది, అంటే మన రోడ్ల పక్కన నీడనిచ్చే నిద్రగన్నేరే. బాలి బొమ్మలకు దాన్ని బాగా వాడతారు. సరిగ్గా ఆరకముందే చెక్కి అమ్మేవీ ఉంటాయి. జపాన్‌లో ఉజి పట్టణపు బ్యోదోయిన్ ఆలయానికి 1053లో అమిద బుద్ధుణ్ణి (అమితాభుణ్ణి) మలచిన శిల్పి జోచో, చాలా కర్ర ముక్కలు జోడించి లోపలంతా బోలుగా ఉంచాడు. అలా చేస్తే బరువూ తగ్గుతుంది, పగుళ్లూ తగ్గుతాయి. బజారు బొమ్మకు అంత ఓపిక ఎవరు పెడతారు?

పగులును ఇప్పుడే పూడ్చకండి. నేను తొందరపడి రంపపు పొట్టు బంకలో కలిపి కూరించాను. వానాకాలంలో కర్ర ఉబ్బింది, లోపలి ముద్ద దారివ్వలేదు, పక్కనే మరో చీలిక వచ్చింది. ఎండాకాలం, వానాకాలం, చలికాలం ఒక చుట్టు తిరిగాక కూడా పగులు అలాగే ఉంటే అప్పుడు చూడవచ్చు. అందాకా ఏసీ గాలి, ఎండ నేరుగా తగలని చోట ఉంచండి. వానల్లో గోడకు నాలుగు వేళ్లు ఎడంగా జరపండి. దుమ్ముకు మెత్తని పెయింటు బ్రష్షు, అదీ పొడిగా. అంతే.

పిండి సంగతి తేలికగా తీసుకోకండి. అది పుచ్చు పురుగు. మా బుద్ధుడి టేకు చేవను, అంటే లోపలి గట్టి కర్రను, అది ముట్టుకోలేదు, తర్వాత ఎవరో చేయించిన పీఠంలోని చేవలేని తెల్లచెక్కను మాత్రం జల్లెడ చేసింది. గుండుసూది తలంత రంధ్రాలు, వాటి కింద గోధుమపిండి లాంటి సన్నని పొడి. పాత రంధ్రాల్లోంచి కూడా కదిపితే పొడి రాలుతుంది కాబట్టి ముందు బొమ్మను శుభ్రంగా దులిపి, నల్ల కాగితం మీద నిలబెట్టి, వారం పాటు కదపకండి. కొత్త పొడి పడితే పురుగు బతికే ఉందన్నమాట.

బంగారు రేకు, రంగులు లేని ఉత్త కర్ర అయితే, ఫ్రీజరులో పట్టేంత చిన్నదైతే, ప్లాస్టిక్ కవరులో గాలి లేకుండా చుట్టి సున్నాకు 18 డిగ్రీల కింద రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు, విప్పితే చల్లటి కర్ర మీద నీరు పడుతుంది. పూత ఉన్నదైతే ఈ ప్రయోగం వద్దు, పాత కళాఖండాలు బాగుచేసేవారికి చూపించండి. ఏదైనా సరే, కాగితం మీద పొడి కనిపించిన రోజే దాన్ని మీ చెక్క సామానున్న గదిలోంచి బయటికి తీయండి. మా పీఠం పక్కనున్న పుస్తకాల అలమర కూడా ఆ ఏడాదే పోయింది.