మనస్తత్వ శాస్త్రవేత్త ఊటా ఫ్రిత్ పరిశోధన వల్ల ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలకు ఒరిగిందేమిటి? ఆ బొమ్మల పరీక్షలో ఫెయిలైతే ఆటిజం ఉన్నట్టేనా?

ఒరిగింది. తల్లుల నెత్తిన ఉన్న నింద దిగింది. పుస్తకాల్లో దిగిందిలెండి, మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఇంకా దిగలేదు.

మేం బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటాం. మా వాడికి ఏడేళ్ళు, ఆటిజం. మాట ఆలస్యమైందని తెలిసిన దగ్గర్నుంచీ "నువ్వు ఉద్యోగానికి పోబట్టే", "ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టావుగా" అనే మాటలు నాకే. మా ఆయనదీ అలాంటి ఉద్యోగమే. ఆయన్ని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

ఇదేమీ మన అత్తయ్యలు కనిపెట్టిన నింద కాదు. 1943లో ఆటిజం గురించి మొదట వివరంగా రాసిన లియో కానరే ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువన్నట్టు ఓ మాట విసిరాడు. తర్వాత అమెరికాలో బ్రూనో బెటల్‌హైమ్ ఆ మాటను ఊరేగించాడు. చదువుకున్న డాక్టర్లే 'రిఫ్రిజిరేటర్ తల్లులు', అంటే ప్రేమ గడ్డకట్టిన తల్లులు, అన్న కాలం అది. 1960ల్లో జర్మనీ నుంచి లండన్ వచ్చిన ఊటా ఫ్రిత్, తల్లి సంగతి పక్కనపెట్టి పిల్లవాడి బుర్ర లోకాన్ని ఎలా అర్థం చేసుకుంటోందో చూసింది. ఆమె ఒక్కతే కాదు, 1977లో ఫోల్‌స్టీన్, రటర్ అనే పరిశోధకులు కవల పిల్లల మీద చేసిన అధ్యయనం ఇందులో వంశపారంపర్యం ఎంత ఉందో చూపించింది. కానీ నాకు ఫ్రిత్ అంటేనే అభిమానం.

బొమ్మల పరీక్ష మీకు తెలిసిందే. శాలీ గోళీని బుట్టలో పెట్టి బయటికి వెళ్తుంది, ఆన్ దాన్ని తీసి పెట్టెలో దాస్తుంది. శాలీ తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? మామూలుగా నాలుగేళ్ళకల్లా పిల్లలు 'బుట్టలో' అంటారు. బారన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ 1985లో అడిగితే ఆటిజం ఉన్న 20 మందిలో 16 మంది గోళీ నిజంగా ఎక్కడుందో అక్కడే చూపించారు. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉండే డౌన్ సిండ్రోమ్ ఉన్న 14 మందిలో 12 మంది సరిగ్గా చెప్పారు. అంటే సమస్య తెలివి తక్కువై కాదు, ఎదుటివాళ్ళ మనసులో ఏముందో ఊహించడంలో.

మేం వెళ్ళే థెరపీ సెంటర్లో ఇదే ఆట ఇంగ్లీషులో ఆడించారు. మా వాడు "వేర్ విల్ షీ లుక్" అని ప్రశ్ననే తిప్పి అప్పజెప్పి ఫ్యాను చూస్తూ కూర్చున్నాడు. కాగితం మీద ఇంటూ పడింది.

ఆదివారం ఇంట్లో బొమ్మల్లేకుండా నేనే ఆడించాను. మా అత్తగారు కళ్ళజోడు టీవీ పక్కన పెట్టి స్నానానికి వెళ్ళారు. వాడు చూస్తుండగానే మా ఆయన దాన్ని తీసి బీరువా మీద పెట్టారు. "నాన్నా, నాయనమ్మ వచ్చి కళ్ళజోడు ఎక్కడ వెతుకుతుంది?" అన్నాను. వెంటనే "బీరువా మీద" అన్నాడు. తప్పే, కానీ జవాబు! ఆవిడ వచ్చి టీవీ దగ్గర తడుముకుంటుంటే వాడికి ఒళ్ళు మండిపోయింది. తడి చెయ్యి పట్టుకుని బీరువా దాకా లాక్కెళ్ళి, ఆవిడ చేతిని పైకెత్తి మరీ చూపించాడు. "వీడికున్న పాటి బుద్ధి మీ ఆయనకి లేదే అమ్మాయ్, ఎవరు పెట్టమన్నారు అక్కడ?" అని ఆవిడ. వాడు పాసా ఫెయిలా అన్నది ఆవిడకి అనవసరం.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. ఆ సెంటర్లోనే "ఇంట్లో ఇంగ్లీష్ ఒక్కటే మాట్లాడండి, రెండు భాషలైతే కన్‌ఫ్యూజ్ అవుతాడు" అన్నారు. బెంగళూరులో తెలుగువాళ్ళు చాలామందికి ఈ సలహా వచ్చే ఉంటుంది. స్కూల్లో ఇంగ్లీష్, కింద ఆడుకునేచోట కన్నడ, హిందీ, కాబట్టి తెలుగు మానేయమంటారు. ఎప్పుడూ కోసేది ఇంటి భాషనే! రెండు భాషల మధ్య పెరిగే ఆటిజం పిల్లలకు దానివల్ల మాట మరింత వెనకబడదని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. మా అత్తగారికి తెలుగు తప్ప రాదు. రోజంతా వాడితో ఉండేది ఆవిడే. "నీళ్ళు కావాలా?" అని వాడే అడిగితే వాడికే దాహమేస్తోందని పట్టేసేదీ ఆవిడే. ఆవిడ నోరు మూయించి, మేం సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో నలిగి వచ్చి ఇంగ్లీషులో ఎంత మాట్లాడతాం? సెంటర్ మార్చాం. ఇక్కడ ఫీజు ఇంకా ఎక్కువ, అది వేరే గోల.

ఇక మీ రెండో ప్రశ్న. కాదు. ఆ 20 మందిలో నలుగురు పాసయ్యారు కదా. ప్రశ్న అర్థం కాక తప్పే పిల్లలూ ఉంటారు. అనుమానముంటే ఇంట్లో గోళీలు దాచుకుంటూ కూర్చోకుండా డెవలప్‌మెంటల్ పీడియాట్రిషన్‌కో (పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు), ఇక్కడి నిమ్హాన్స్ ఆసుపత్రిలో పిల్లల సైకియాట్రీ విభాగానికో చూపించండి. నాయనమ్మో అమ్మమ్మో ఉంటే వెంట తీసుకెళ్ళండి, డాక్టరు అడిగేవాటిలో సగానికి జవాబులు వాళ్ళ దగ్గరే ఉంటాయి.