తిరుపతికి కృష్ణా నీళ్లు వస్తున్నాయి కదా, ఇంకా గాలేరు–నగరి కాలువ పథకం ఎందుకు అడుగుతున్నారు?

తిరుపతికి వచ్చేది తాగునీరు మాత్రమే. పుత్తూరు, నగరి వైపు పొలాలు తడవాలంటే గాలేరు–నగరి రెండో దశ పూర్తవ్వాల్సిందే. తిరుపతి నగరానికి కండలేరు జలాశయం నుంచి పైపుల్లో వచ్చేవి తెలుగుగంగ కాలువ తెచ్చే కృష్ణా నీళ్లు, అవి కుళాయిలకే. గాలేరు–నగరి ప్రధానంగా సాగునీటి పథకం. కృష్ణా మీది శ్రీశైలం జలాశయం నీళ్లు పోతిరెడ్డిపాడు తూముల మీదుగా కడప జిల్లా గండికోట జలాశయం దాకా చేరుతున్నాయి. రైల్వేకోడూరు దాటి ఇటు రావాల్సిన కాలువే ఏళ్లుగా నానుతోంది.

ఈ ప్రాంతంలో ఏడాదంతా పారే నది లేదు. ఉదాహరణకు స్వర్ణముఖి, వానలు పడితేనే పారుతుంది, తర్వాత అంతా ఇసుకే. రైతుకు బోరే గతి. అందుకే పార్టీలతో పనిలేకుండా ఇక్కడివాళ్లు దీన్ని అడుగుతారు.

కాలువ తవ్వితే చాలు, ఎప్పుడూ నీళ్లే అనుకోవడం మాత్రం పొరపాటు. ఇది కృష్ణా వరద నీటి మీద ఆధారపడ్డ పథకం. వరద రోజుల్లో నింపుకోవడానికి జలాశయాలూ కట్టాలి.