సామర్థ్యత పెరిగిందా?

సందేహం: చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజర్‌ని. మాకు మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చి, చివర్లో ‘శిక్షణా మూల్యాంకనం’ అని ఒక ఫారం పంచారు. అందులో ‘మీ సామర్థ్యత, నైపుణ్యత పెరిగినవా?’ అని ఉంది. ఈ మాటలు సరైనవేనా? - ఒక పాఠకుడు

సమాధానం: సరైనవి కావండీ. సమర్థ అనే మాటకు ‘య’ చేరితే సామర్థ్యం, ‘త’ చేరితే సమర్థత. నిపుణకూ అంతే: నైపుణ్యం, నిపుణత. ఏదో ఒకటి చాలు. రెండూ తగిలిస్తే ప్యాంటు మీద లుంగీ కట్టినట్టుంటుంది. ప్రాధాన్యత, ప్రావీణ్యత కూడా ఈ బాపతే. (ప్రాధాన్యత నేనూ చాలాకాలం రాశాను లెండి.) ‘శిక్షణా’ అన్న దీర్ఘమూ అనవసరం. సంస్కృతంలో అది శిక్షణమ్, ఆకారాంతం కాదు.

ఇక అర్థం సంగతి. సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు అంటాం. అంత పడుతుందని చెప్పడమేగాని, అన్ని నీళ్లు ఉన్నాయనీ, కాలవకు వదిలారనీ కాదు. మనిషి విషయంలోనూ సామర్థ్యం అనే మాట ‘చేయగలడు’ దగ్గరే ఆగుతుంది. మీ ట్రైనింగ్ వాళ్లకు కావలసింది ‘చేస్తున్నాడు’. దానికి మన దగ్గర పనితనం అనే చక్కని మాట ఉంది. పనిమంతుడు పందిరేస్తే కుక్క తోక తగిలి కూలిందట! పందిరి గట్టిదో కాదో తేల్చింది ఆ తోకే కదా, వేసినవాడి మాట కాదు.

శిక్షణను అంచనా కట్టడానికి అమెరికా ప్రొఫెసర్ డోనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లో మొదలుపెట్టిన వ్యాసాల్లో నాలుగు మెట్లు చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, సంస్థకు ఫలితం దక్కిందా. ఆఖరి రోజు భోజనాలయ్యాక, బస్సు టైమవుతుంటే నింపే ఫారం మొదటి మెట్టు దాటదు. ‘పెరిగినవా?’ అంటే ఎవరైనా అవుననే టిక్కు పెడతారు.

మూల్యాంకనం తప్పు మాట కాదు గానీ, వినగానే పరీక్ష పేపర్లు దిద్దడం గుర్తొస్తుంది. పన్ను మదింపు అంటుంటాం కదా, ఇక్కడా ‘శిక్షణ మదింపు’ చాలు. ప్రశ్న మాత్రం మూడు నెలలాగి, మీ కింద పనిచేసేవాళ్లనూ కలిపి అడగమనండి: ‘క్రేన్‌తో బ్లాకు లేపేముందు మీ సూపర్‌వైజర్ గొలుసు, కొక్కెం చూస్తున్నారా?’